గోలు వదిలి నేనెందుకు రాలేదంటే

బెల్‌గ్రేడ్,
జనవరి 22, ఆదివారం

ప్రియమైన దున్యక్కకు,

తమ్ముడు ఓగ్న్యెన్ నమస్కరించి రాయునది. మోకాలు తప్ప మిగతా నేనంతా క్షేమం. నువ్వూ, నీ ఆసుపత్రిలో నీ రోగులూ కులాసా అని తలుస్తాను. ఫోన్లో అయితే మధ్యలోనే నవ్వేస్తావు, అందుకే ఉత్తరం.

మన సెర్బియా కుర్రల ఐస్ హాకీ జట్టు కింది డివిజన్‌కి పడిపోలేదక్కా.

ఆరు జట్లలో ఆఖరుదాన్ని కిందికి తోసెయ్యడం ఎంత దుర్మార్గమో నా కరపత్రంలో రాశాను కదా. నిన్న ఆ దుర్మార్గం మన నెత్తినే పడబోయింది. అట్టడుగున మనమూ న్యూజీలండూ సమానం. వాళ్ళ ఆటలు అయిపోయాయి. ఐస్‌లాండ్‌తో మన చివరి ఆటలో ఒక్క పాయింటు వస్తే మనం నిలుస్తాం, రాకపోతే, మనల్ని ఓడించారు కాబట్టి వాళ్ళు నిలుస్తారు. అరవై నిమిషాలు సమంగా ముగిస్తే చాలు, ఆ తర్వాత అదనపు సమయంలో ఓడినా ఆ పాయింటు మనదే.

మూడు–మూడు. ఒక్క నిమిషం ఉంది. కోచ్ మిలుతిన్ బాబాయికి ఈ లెక్క తెలీదు. గెలిచి తీరాలనుకుని, గోలు ఖాళీగా వదిలేసి, గోలీనైన నా బదులు ఇంకో ఆటగాణ్ణి దాడికి దింపాలని చూశాడు.

"రారా బయటికి, దున్నపోతా."

నేను కదల్లేదు.

"నిరాహారదీక్షకి కూర్చున్నాడు బాబాయ్," అన్నారు బెంచీ మీదివాళ్ళు.

"ఇది నీ కరపత్రాల సభ కాదురా. వస్తావా, నన్ను రమ్మంటావా?"

అంతలో ఐస్‌లాండ్ వాడు అవతలి చివర నుంచి కొట్టిన పక్ బిళ్ళ నేరుగా వచ్చి నా ఎడమకాలి ప్యాడుకి తగిలి ఆగింది. గంట మోగింది.

అదనపు సమయంలో ఓడాం. గెలిచినవాళ్ళ జాతీయగీతానికి రెండు జట్లూ మంచు మీది నీలిగీత మీద నిలబడాలి కదా, అక్కడ వాళ్ళకంటే మేమే ఎక్కువ నవ్వాం. పాయింటు సంగతి తెలిశాక బాబాయి నాకు తన బురెక్ రొట్టె మొత్తం పెట్టేశాడు. "పుస్తకాలతో చెడిపోయావనుకున్నాన్రా. నియమాలు చదివే ఆగావన్నమాట," అన్నాడు.

న్యూజీలండ్ గోలీకి నా టోపీ ఇచ్చి, కరపత్రం కూడా ఇవ్వబోయాను. "ముందు మీవాళ్ళకి చదివి వినిపించు," అన్నాడు.

ఎవరికీ తలవంచని నీ తమ్ముడు,
ఓగ్న్యెన్

తా.క. అక్కా, నీకు కూడా నిజం చెప్పకపోతే నా ఆదర్శాలెందుకు? ప్యాడు పట్టీ కొక్కెం గోలు వలలో చిక్కుకుపోయింది. వద్దామని లాగుతూనే ఉన్నాను. మోకాలు పట్టేసింది అందుకే. పాయింటు సంగతి నాకూ తర్వాతే తెలిసింది. ఇప్పుడు బాబాయి నా నియమాల పుస్తకం ఒకసారి చదివి ఇస్తానని అడిగాడు. దాని ప్లాస్టిక్ తొడుగు ఇంకా చింపలేదు.