రెండు తెల్ల స్తంభాలు

జనవరి 6, మంగళవారం

వాంతులు. ఇవాళ్టికి ఇంతే.

జనవరి 7

ఇవాళ కాస్త మనిషినయ్యాను. పడవ ఊగుతూనే ఉంది గానీ కడుపు దానితో రాజీపడింది.

కాలేజీ వాళ్ళు కాంట్రాక్టు పొడిగించేది లేదని తేల్చేశాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే అక్క ఫోన్ చేసింది. వాళ్ళు పనిచేసే పడవలో ఎప్పుడూ వచ్చే గైడ్ కాలు విరగ్గొట్టుకున్నాడట. చరిత్ర పాఠాలు చెప్పినదానివేగా, వచ్చి అవే మైకులో చెప్పవే, పిల్లల్లాగా గోల చెయ్యరు, పెద్దవాళ్ళు, నిద్రపోతారు అంది. వచ్చేశాను.

బావ కెప్టెన్. అక్కది వంట, గదులు, ప్యాసింజర్ల అలకలు. ఇంజన్ చూసే ఆయన్ని అందరూ డీజిల్ అనే పిలుస్తారు. మిగిలినవాళ్ళు టూరిస్టులు. ఎవరి జుట్టు చూసినా తెలుపే. ఈ తెరచాప పడవలో ఆరు పాత రేవు పట్నాలు చూపిస్తాం. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊళ్ళు, ఇప్పుడు ఓడ బొమ్మలు అమ్ముకుంటున్న ఊళ్ళు.

బావ నా గొంతు వినగానే పంతులమ్మగారొచ్చారు, ఇక సముద్రం కూడా చేతులు కట్టుకుని నిలబడాలి అన్నాడు. నేను పుష్పవతినైన నాటినుంచీ ఆయన జోకులు ఇలాంటివే. ఏం మారలేదు అనుకున్నాను.

జనవరి 9

మొదటి ఊరు. తాళ్ళు పేనిన పొడవాటి షెడ్డు, తుప్పుపట్టిన లంగర్లు, సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన గోడ. మైకులో బాగానే వాగాను. ఎవరూ నిద్రపోలేదు.

అందరికీ నచ్చింది స్తంభాల కథ. ఈ తీరంలో ప్రతి పాత రేవుకీ రెండు తెల్ల స్తంభాలుంటాయి, ఒకటి ఒడ్డున, ఒకటి వెనక కొండ మీద. సముద్రంలోంచి చూస్తే రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. పడవ సరైన దారిలోకి వచ్చినప్పుడు వెనకది ముందుదాని చాటుకు వెళ్ళి ఒక్కటే అయిపోతుంది. రెండు కనిపిస్తున్నాయంటే దారి తప్పినట్టే, పక్కన ఇసుకమేటలు కాచుక్కూర్చుంటాయి. ఇప్పటికీ ఈ రేవుల్లోకి అలాగే వస్తారు.

రేవులోకి వచ్చేటప్పుడు బావ చుక్కాని చక్రం దగ్గర, అక్క పక్కనే ఆయన వీపు మీద చెయ్యి వేసి. ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ నా చెవిలో, ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా ఎంత ముచ్చటగా ఉన్నారో చూడమ్మా అంది. నాకూ ముచ్చటేసింది. అక్క అంత ప్రేమ ఒలకబోసే మనిషి కాదే అని కూడా అనుకున్నాను.

జనవరి 12

పొద్దున్న వింత జరిగింది. జలుబు చేసి శాలువా కప్పుకుని కింద గదిలోంచి పైకి వస్తున్నాను. బావ ఎదురొచ్చాడు. పక్కకి తప్పుకుని, మెట్లు తడిగా ఉన్నాయండీ, జాగ్రత్తగా రండి అన్నాడు. పోకిరీ వేషాలు అనుకుని, అలాగేనండీ కెప్టెన్ గారూ అన్నాను. ఆయన ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే నవ్వేసి, మరదలు పిల్లకి మర్యాద ఇస్తే అరగదేమిటి అన్నాడు.

అది జోకు కాదు. జోకుకి మనిషి భయపడడు.

అదే రోజు, మధ్యాహ్నం

గ్లాసుతో టీ తీసుకెళ్ళి మాట్లాడకుండా బావ ముందు పెట్టాను. నా పరీక్షలు నావి. చెయ్యి గ్లాసు పక్కకి వెళ్ళింది. బల్లంతా తడిమి పట్టుకున్నాడు. పట్టుకున్నాక, పంచదార ఎక్కువేశావే పంతులమ్మా అన్నాడు. ఇంకా తాగనే లేదు.

జనవరి 13

అక్కని వంటగదిలో నిలదీశాను. ఉల్లిపాయలు కోస్తోంది, కాబట్టి ఏడుపు దేనికో చెప్పలేను.

చూపు మధ్యలో మచ్చ అట. చుట్టూ అంచులు కనిపిస్తాయి, ఏది చూడాలనుకుంటే అదే కనిపించదు. కిందటేడాదినుంచి. మందు లేదన్నారు. గాలి, తెరచాప, అల అన్నీ ఆయనకి ఒంటికే తెలుస్తాయి, కష్టం రేవులోకి వచ్చేటప్పుడే. అందుకని వీపు మీద చెయ్యి. కుడి రెక్క మీద నొక్కితే కుడికి, ఎడమ మీద నొక్కితే ఎడమకి, మధ్యలో అరచెయ్యి ఆనిస్తే స్తంభాలు రెండూ ఒకటయ్యాయి, ఇలాగే పోనీ అని. ఒక్కసారి కూడా తప్పు పోలేదే అంది, పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లలా.

నీకేమైనా మతిపోయిందా, అందరి ప్రాణాలు అన్నాను. ఈ సీజన్ ఒక్కటే, ఆ తర్వాత తనే దిగిపోతానన్నాడు, ఒడ్డున కూర్చోబెడితే ఆయన రోజుల్లో అయిపోతాడే, నువ్వు నోరు మూసుకో నా తల్లీ అంది. చేతులు పట్టుకుంది. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన చేతులు. ఆ చేతుల్ని తోసేసి మాట్లాడటం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

జనవరి 14

నోరు మూసుకున్నాను.

జనవరి 16

మూడో ఊరు. మ్యూజియంలో పాత నావికుల బట్టలు. రేవులోకి వస్తున్నంతసేపూ నా ప్రాణం గుప్పిట్లో ఉంది. మైకులో ఏం చెప్పానో నాకే తెలియదు. అక్క చెయ్యి చూస్తూ కూర్చున్నాను. ప్యాసింజర్లేమో కెప్టెన్ గారు కళ్ళు అరమోడ్చి ఎంత తాపీగా నడుపుతున్నారో, సముద్రాన్ని చూడక్కర్లేదు ఆయనకి, వింటారు అని ఒకటే మెచ్చుకోలు. ఫొటోలు. బావ పోజిచ్చాడు. కెమెరా ఎటుందో అక్క భుజం తిప్పి చూపించింది.

జనవరి 19, సాయంత్రం

ఇవాళ జరిగిపోయింది.

నాలుగో ఊరు. ముందు స్తంభం స్పష్టంగా కనిపిస్తోంది. అక్క అరచెయ్యి ఆనించింది. సరే, ఒకటయ్యాయి అనుకున్నాను. నేను చూస్తూనే ఉన్నాను, నాకూ ఒకటయినట్టే కనిపించాయి. పడవ కింద ఏదో గరగరమంది, అందరం ముందుకు తూలాం. ఇసుకమేట. డీజిల్ వెంటనే ఇంజన్ వెనక్కి తిప్పాడు కాబట్టి బయటపడ్డాం. హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద పడి మణికట్టు విరిగింది.

ఒడ్డు చేరాక చూస్తే కొండమీది స్తంభానికి పైనుంచి కిందదాకా ఆకుపచ్చ వల కప్పి ఉంది. మాలాంటి టూరిస్టుల కోసం బాగుచేస్తున్నారట. దాని పక్కన ఎవరో వాటర్ ట్యాంకుకి కొత్తగా తెల్ల పెయింట్ వేశారు. అక్క ట్యాంకుని స్తంభం అనుకుంది. మంచి కళ్ళున్న కెప్టెన్ అయితే వల గమనించేవాడు, ట్యాంకు లావు గమనించేవాడు, ఈ రేవుని వందసార్లు చూసిన కళ్ళు కదా. అక్కకి తెలిసింది ఒక్కటే, తెల్లటివి రెండు ఒకటి కావాలి.

హెడ్‌మిస్ట్రెస్ కట్టుతో తిరిగొచ్చి, ఓడప్రమాదాల గురించి వినడానికొచ్చాను, నాకూ ఒకటి దొరికింది అని నవ్వుతోంది. ఎవరికీ కోపం లేదు. ఇసుక ఎప్పుడు ఎటు జరుగుతుందో దేవుడికైనా తెలుస్తుందా, కెప్టెన్ గారేం చేస్తారు అంటున్నారు. ఒక్కరైనా తిట్టి ఉంటే బాగుండును.

జనవరి 20

రేవు ఆఫీసుకి వెళ్ళాను. అక్కకి చెప్పకుండా. సబ్బు కొనాలని చెప్పి.

ఆఫీసరు కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను చూసి నవ్వాడు. మీ బావగారు ఈ రేవులోకి కళ్ళు మూసుకుని కూడా రాగలరమ్మా అన్నాడు. అదే నేను చెప్పేది, మూసుకునే వస్తున్నాడు అన్నాను. ఇంకా నవ్వాడు. తర్వాత ఏదో బీరువా తీసి చూసి, ఆయన కళ్ళ సర్టిఫికెట్ ఈ ఏడాది చివరిదాకా ఉంది, కాగితం ప్రకారం చూపుంది, మీరు బంధువు, ఆస్తి తగాదాలేమైనా ఉన్నాయా అన్నాడు.

లేచి వచ్చేశాను. సబ్బు కొనడం మర్చిపోయాను.

జనవరి 21

బావకి తెలిసింది. ఆ ఆఫీసరే ఫోన్ చేసి నవ్వుతూ చెప్పాడట, మీ మరదలు భలే మనిషి అని.

తిడతాడని చూశాను. తిట్టలేదు. పక్కన కూర్చుని, మంచి పని చేశావు అన్నాడు. ఎవరో ఒకరు ఈ చక్రం నా చేతిలోంచి లాక్కుంటే బాగుండునని నాకూ ఉందమ్మా, నా అంతట నాకు వేళ్ళు విడివడటం లేదు అన్నాడు. పంతులమ్మా అనలేదు. అమ్మా అన్నాడు. ఆ పిలుపుకి నాకు దుఃఖం ఆగలేదు. అయితే ఆపెయ్ బావా అన్నాను. రెండు ఊళ్ళే కదా అన్నాడు.

డీజిల్ దగ్గరికి పోయాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, నాకు ఎప్పుడో తెలుసమ్మా అన్నాడు. రేవు వస్తోందంటే ఇంజన్ వెనక్కి తిప్పడానికి చెయ్యి దానిమీదే పెట్టుక్కూర్చుంటాడట. మొన్న అందుకే బతికాం. అక్కకి చెప్పలేదేం అంటే, ఆవిడ ఎవరికీ తెలియదనుకుంటోంది, పోనీలెద్దురూ అన్నాడు.

అందరికీ తెలుసు. అందరూ తలా ఒక చెయ్యి వేసి మోస్తున్నారు. దించేవాడే లేడు.

జనవరి 23

అక్క పైకి రానంటోంది. ఐదో ఊరికి ఎలాగో వచ్చింది, చెయ్యి వణుకుతూనే ఉంది. బావ వీపు మీద ఆ వణుకు తెలిసి పడవ కూడా అటూ ఇటూ పోయింది. వెడల్పాటి రేవు కాబట్టి సరిపోయింది. ఒడ్డున కట్టాక వంటగదిలో తలుపేసుకుంది. ఇక నా వల్ల కాదే, ఆవిడ మణికట్టు విరిగిన చప్పుడు నా చెవుల్లోనే ఉంది అంది.

ఇక్కడే ఆగిపోదాం, ప్యాసింజర్లని బస్సులో పంపిద్దాం అన్నాను. పడవ ఓనర్‌కి ఫోన్ చేశాను. కళ్ళ సంగతి చెప్పబోతే సిగ్నల్ సరిగా లేదు, ఆఖరి ఊళ్ళో నేనే జెట్టీ మీద ఉంటాను, అప్పుడు మాట్లాడదాం, వాతావరణం చెడిపోతోంది, పొద్దున్నే బయల్దేరండి అన్నాడు.

జనవరి 24, మధ్యాహ్నం 3 గంటలు

ఆరో ఊరి బయట ఉన్నాం. గాలి లేచింది. ప్యాసింజర్లలో సగం మంది నా మొదటి రోజు స్థితిలో ఉన్నారు. దారి చూపడానికి ఎవరినైనా పంపమని రేవుకి ఫోన్ చేశాను, రేపు పొద్దున చూస్తామన్నారు. రేపు పొద్దుటిదాకా ఇక్కడ నిలబడలేం. ఇంజన్ గేర్ తాడు తెగింది, డీజిల్ కిందే ఉండి దాన్ని చేత్తో తిప్పాలి, పైకి రాలేడు. అక్క తలుపు తియ్యలేదు.

బావ చుక్కాని దగ్గర ఒక్కడే నిలబడ్డాడు. నా వైపు తిరిగి, మైకు పనిచేస్తోందా అన్నాడు.

అదే రోజు, చీకటిపడక ముందు

మర్చిపోకముందే జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మైకు తీసుకుని పడవ ముందు భాగంలో నా స్థానంలో నిలబడ్డాను. ప్యాసింజర్లు నా వైపు, నేను ఒడ్డు వైపు. ఎదురుగా రెండు తెల్ల స్తంభాలు, ఒకదానికొకటి దూరంగా. వల లేదు, ట్యాంకు లేదు. రెండుసార్లు, మూడుసార్లు చూసుకున్నాను.

మొదలుపెట్టాను. ఇదిగో ఇది ఆరో రేవు, ఈ తీరంలో అన్నిటికన్నా ఇరుకైన దారి. అందరూ కాస్త ఎడమకి చూడండి. ఇంకాస్త ఎడమకి. అక్కడ పాత ఓడల కార్ఖానా ఉండేది. చాలు. ఇప్పుడు తిన్నగా చూడండి. కాస్త కుడికి. కుడివైపు కనిపించే రాళ్ళ మీదే పూర్వం ఎన్నో ఓడలు పగిలాయి, అంత దగ్గరగా చూడక్కర్లేదు, మళ్ళీ ఎడమకి. పెద్దవాళ్ళు పాపం తలలు అటూ ఇటూ తిప్పారు. వెనక చక్రం కూడా తిరిగింది. నా మాట ఎటంటే పడవ అటు. ఒక్క మాట తప్పితే అందరం రాళ్ళ మీద. చరిత్రలో లేని కార్ఖానాలు, లేని యుద్ధాలు, లేని రాణి ఒకావిడ, ఏది నోటికొస్తే అది చెప్పాను, ఆగితే పడవ ఏమవుతుందో అన్న భయంతో. వెనక స్తంభం ముందుదాని చాటుకి మెల్లగా వెళ్ళిపోయింది. ఒకటే అయింది. ఇలాగే చూస్తూ ఉండండి, ఇలాగే, ఇలాగే అన్నాను.

జెట్టీకి కట్టగానే చప్పట్లు. ఇంత కళ్ళకి కట్టినట్టు ఎవరూ చెప్పలేదమ్మా అంది హెడ్‌మిస్ట్రెస్, ఒంటి చేత్తో తొడ మీద చరుస్తూ. అక్క తలుపు తీసుకుని వచ్చి నన్ను చూసింది. కావలించుకుంది. అప్పుడు నాకు భయం వేసింది, ఎందుకంటే ఆవిడకి ఊరట కలిగింది. బరువు దించుకున్న మనిషి ఊరట.

ఓనర్ మెట్లెక్కి వచ్చాడు. ఏదో మాట్లాడాలన్నారు కదా అన్నాడు. అందరూ నా వైపు చూశారు. బావ కూడా, నేనున్న చోటికి కాస్త పక్కకి. ముఖం నిండా నవ్వు. లాక్కో అని నన్ను అడిగిన ఆ మనిషి ఆ ముఖంలో ఎక్కడా లేడు.

ఏం లేదండీ అన్నాను.

వచ్చే సీజన్‌కి కూడా మీరే అన్నాడు ఓనర్.

ఫిబ్రవరి 11

ఇల్లు. గదిలో నిలబడి గోడవైపు తిరిగి చెప్పుకుంటున్నాను. కాస్త ఎడమకి చూడండి. ఇంకాస్త. చాలు. పక్కగదిలోంచి అమ్మ, అక్కడెవరున్నారే అంది.