చింతపండు ఆపిన ఏడాది

చర్ల,
20-8-2008.

చి.ల.సౌ. కొండమ్మకు దూలయ్య దీవించి రాయునది. ఇక్కడ నేనూ, మేకలూ, ఇంటి కప్పూ క్షేమం. కప్పు సంగతి మర్యాద కోసం రాశాను. పొయ్యి దగ్గర ఒక గిన్నె, మంచం పక్కన ఒక గిన్నె పెట్టుకుని వాన చప్పుడు వింటున్నాను. పాల్వంచలో నువ్వూ, బాలింత భవానీ, మనవరాలూ, అల్లుడు శివకుమారూ బాగున్నారని తలుస్తాను.

అమ్మా భవానీ, ఇది మీ అమ్మకు చదివి వినిపించే ముందు నీ మొగుడు డ్యూటీకి వెళ్లాడో లేదో చూసుకో. ఈ మామ పరువు ఇక కొంచెమే మిగిలింది.

కొండమ్మా, నువ్వు రాయించిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. మేక ఈనింది, రెండు పిల్లలు. మోకాలికి నూనె రోజూ రాస్తున్నాను, మోకాలు పట్టించుకోవడం లేదు. మూడోది, చింతపండు ఎంతకు అమ్మావు, ఇంటికి రేకులు వేయించావా అని. దానికి జవాబు రాయాలంటే ముందు ద్రవ్యోల్బణం గురించి చెప్పాలి. విసుక్కోకు.

ద్రవ్యోల్బణమంటే రూపాయి పలచబడటం. నిరుడు వంద నోటుకు నిండిన సంచి ఈ ఏడు ముప్పావుకు కాస్త పైన ఆగిపోతుంది. నోటు మొహంలో మాత్రం ఏ తేడా కనిపించదు. సర్కారు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇస్తోంది కదా, అక్కడ మిగిలింది పప్పూ నూనే లాగేసుకుంటున్నాయి. ఈ చదువంతా నాకు సంతలో చింతపండు కొనే సీతయ్య కొట్టు దగ్గర అబ్బింది. ఇరవై ఏళ్లుగా ఆయన టీ తాగించడం, నేను పేపరు చదివి వినిపించడం. ఆ టీ గురించి కూడా రాయవలసింది ఉంది గానీ, నువ్వు ఇప్పటికే పళ్లు నూరుతుంటావు.

ఉగాది మర్నాడు బస్సెక్కుతూ నువ్వేమన్నావో నాకు గుర్తుంది. "ఎండలు ముదరకముందే అమ్మెయ్, ఆపకు" అన్నావు. నువ్వు వెళ్లిన మూడో రోజే సీతయ్యకు పేపరు చదువుతుంటే ధరలు ఇంకా పెరుగుతాయన్న వార్త వచ్చింది.

"మామా, రూపాయి పలచబడ్తుంటే సరుకును రూపాయిలు చేసుకునుడు ఏం తెలివి? శ్రావణం దాకా ఆపున్రి. డబల్ అయితది" అన్నాడు సీతయ్య.

నాకు ఆ మాట చాలా నచ్చింది. ఎందుకంటే అది నేను చెప్పవలసిన మాట. వాడకు వచ్చి పదకొండు ఇళ్లవాళ్లనూ కూర్చోబెట్టి అదే పాఠం చెప్పాను. ఎవరూ చింతపండు సంతకు తీసుకుపోలేదు. ఆ వారం ఖమ్మం సేటు లారీ వచ్చింది. వాగు అవతలి ఊళ్లలో కొని పెట్టుకున్న తన సరుకంతా సీతయ్య అందులోకి ఎక్కించాడు. సంతలో ఇంకెవరి చింతపండూ లేదు కాబట్టి అడిగినంత ఇచ్చాడు సేటు.

పేపర్లో రూపాయి పలచబడుతుందని రాశారు. చింతపండు నల్లబడుతుందని రాయలేదు. అది నీకు తెలుసు. వానలు పడేసరికి గంపల్లో జిగురు కారి తారు ముద్దలా అయింది. పోయిన సంతకు మోసుకెళితే సీతయ్య వేలితో నొక్కి చూసి సగం ధర చెప్పాడు. లారీ సంగతి నాకు తెలిసింది అక్కడే.

"ఏంది సీతయ్యా, మమ్మల్ని ఆపుమని నువ్వు అమ్ముకున్నవా?"

"అవ్ మామా. అందరిది ఒక్కపారి వస్తే ధర నిలుస్తదా? సరుకు ఎక్కువైతే ధర పడ్తదని నువ్వే కదా సదివి చెప్పినవ్."

నవ్వుతూనే అన్నాడు. టీ కూడా చెప్పాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి తాగకుండా వచ్చాను. మృగశిరలో విత్తనాలకు చేతిలో డబ్బు లేక మన ఆడవాళ్లు ఉద్దెరకు వెళ్లింది కూడా ఆయన కొట్టుకే.

ఇంతవరకూ మోసం చేసిన వాడి సంగతి రాశాను. ఇక రెండోవాడి సంగతి.

ఆ రోజు వాడలో నా పాఠమంతా విని మన పక్కింటి సోమ్లి ఒకటే అడిగింది. "నీ మాట గాదు తాతా. కొండమ్మవ్వ ఏమన్నది?" మిగతావాళ్లూ నా వైపు చూశారు. "ఆమె కూడా ఆపమనే చెప్పి పోయింది" అన్నాను. అంతే, అందరూ గంపల మీద మూతలు వేశారు. ఇరవై ఏళ్లు పేపరు చదివిన నా మాటకు ఆ వాడలో విలువ లేదనీ, ఒక్క అక్షరం చదవని నీ మాటకు ఉందనీ తెలిసే ఆ పని చేశాను.

ఇప్పుడు సోమ్లి మన గడప ముందు నుంచి తల తిప్పుకుని పోతోంది. "కొండమ్మవ్వ గిట్ల చేస్తదనుకోలే" అని బోరింగు దగ్గర అంటుంటే నా చెవులతో విన్నాను. బిందె ఎత్తుకుని వచ్చేశాను.

నువ్వు వచ్చాక నీ ఎదుటే వాళ్లకు నిజం చెబుదామని మొదట అనుకున్నాను. రాస్తుంటే తెలుస్తోంది, అది కూడా చింతపండు ఆపినట్టే. రేపు సంత. పదకొండు ఇళ్లవాళ్లూ వస్తారు. పోస్టు డబ్బా సీతయ్య కొట్టు ఎదురుగానే ఉంది. వాళ్లందరికీ చెప్పాకే ఇది డబ్బాలో వేస్తాను. నీకు అందిందంటే చెప్పానని అర్థం.

ఇట్లు,
అడగకుండా నీ పేరు వాడుకున్న నీ ఇంటాయన,
దూలయ్య.