ఇన్వర్టర్‌కి కలిపిన తలుపు

జూన్ 3
మా బట్టల ఫ్యాక్టరీ కుట్టు హాల్ రెండు తలుపులకీ మాగ్నెట్ తాళాలు బిగించాను. మేనేజర్ ఆర్డర్. ఆయన్ని అందరం గడియారం అంటాం. మనిషి మొహం కన్నా చేతి వాచీనే ఎక్కువ చూస్తాడు.

మా వదిన ఆ హాల్లోనే కాలర్లు కుడుతుంది. గొళ్లెం లేకుండా తలుపు ఎలా పట్టుకుంటుందని ఇంటికొచ్చాక అడిగింది. ఇనుము చుట్టూ రాగి తీగ చుట్టి కరెంటు పంపితే అయస్కాంతం అవుతుంది, ఆపేస్తే మళ్లీ ఉత్త ఇనుమే అన్నాను. కాలింగ్ బెల్ మోగేదీ, ఫ్యాన్ తిరిగేదీ ఈ కిటుకుతోనే. కరెంటు పోతే తలుపు దానంతటదే వదిలేస్తుంది, నిప్పంటుకున్నా ఎవరూ లోపల ఇరుక్కోరు అని చెప్పాను. టీ పోస్తే తప్ప పనిచేయని నీలాంటిదే అన్నమాట అంది.

జూన్ 9
కరెంటు రోజూ పోతోంది. తలుపులు వదిలేస్తున్నాయి. ఆడవాళ్లు గాలి కోసం వరండాలోకి వస్తున్నారు. గడియారానికి ఒళ్లు మండిపోతోంది. తాళాల్ని ఇన్వర్టర్‌కి కలిపెయ్, లోపల తలుపు తీసే ఆకుపచ్చ బటన్ కూడా పీకెయ్ అన్నాడు. ప్రమాదం, కుదరదన్నాను. ఎలక్ట్రీషియన్లు వీధికి పదిమంది ఉన్నారన్నాడు.

జూన్ 10
కలిపాను. బటన్ కూడా పీకాను. నా చేతుల్తోనే.

జూన్ 11
వదినకి చెప్పేశాను. నలభై మందిమి లోపల ఉంటాం, నువ్వు బయట ఉంటావు అంది. నా ఉద్యోగం పోతే నీకు సంతోషమా అని అరిచాను. అరవాల్సింది ఆమె మీద కాదు. అది తెలిసీ అరిచాను.

జూన్ 19, మధ్యాహ్నం మూడు
హాస్పిటల్ బెంచీ మీద రాస్తున్నాను.

ఇస్త్రీ బల్ల దగ్గర వైరు కాలింది. మెయిన్ స్విచ్ ట్రిప్పయింది. లైట్లు పోయాయి, మిషన్లు ఆగాయి, హాలంతా పొగ. తలుపులు మాత్రం కదల్లేదు. ఇన్వర్టర్ దివ్యంగా పనిచేసింది. నేను వెనక షెడ్డులో ఉన్నాను. అరుపులు విని పరిగెత్తి, బయటి గోడ మీద తాళం వైరుని ప్లయర్‌తో కత్తిరించాను. టక్కున వదిలేసింది. తలుపుకి ఆనుకుని ఉన్న వదిన ముందు పడింది, ఆమె మీద మిగతావాళ్లు. అందరూ బతికారు. వదిన భుజం ఎముక విరిగింది.

ఆ గడియారం గొంతు పిసకాలని ఉంది. ముందు నన్ను చెప్పుతో కొట్టాలి.

జూన్ 21
ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నేనే కలిపాను, కలపమన్నది మేనేజర్ అని రాసిచ్చాను. అది నా సొంత తెలివని గడియారం చెప్పాడు. తనకి కరెంటు సంగతులు తెలియవట. ఇన్వర్టర్‌కి కలిపితే తలుపు తెరుచుకోదని అసలు ఊహించలేదట. ఎంత అమాయకుడో పాపం.

జూన్ 24
వదిన ఇంటికొచ్చింది. నేను అన్నం పెడితే తింటోంది. మొహం మాత్రం గోడవైపు తిప్పుకుంటోంది.

జూన్ 26
గడియారం తన గదికి పిలిచాడు. కుట్టు హాల్ వాళ్లు నిలదీయడానికి రోజూ లోపలికి దూసుకొస్తున్నారట. తన గది తలుపుకి మాగ్నెట్ తాళం బిగించమన్నాడు. ఇన్వర్టర్‌కి కలపనా అని అడిగాను. వద్దు, మంటొస్తే నేను లోపలే ఇరుక్కుపోతాను కదా అన్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంటికొచ్చి వదినకి చెప్పాను. తేదీ వేసి రాసిపెట్టమంది.