సగం మావైపు నుంచే

వదినా, బౌరంపేటలో మేమంతా కులాసా.

మొన్న మేడ్చల్‌లో నర్సులకు జన్యుశాస్త్రం చెబుతూ, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బిడ్డకు తలసీమియా అన్నాను. వినోద అనే నర్సు లేచి, "మా అత్తయితే గిది ఇనదు మేడమ్. మీ ఇంట్ల చెప్పిన్రా?" అంది. చిన్నోడికి రక్తం ఎక్కించినప్పుడల్లా అమ్మ నీ పుట్టింటి నెత్తురును తిడుతుంటే, పక్కన కూర్చుని కాఫీ తాగినదాన్ని. సగం అన్నయ్య నుంచే, అంటే మావైపు నుంచే వచ్చింది.

వాడికి మళ్ళీ రక్తం ఎప్పుడు? ఈసారి నేనొచ్చి కూర్చుంటాను. గోంగూర పచ్చడి ఉంచు.

ఫోన్ చేస్తే నీ దగ్గరే ఆగిపోతుందని కార్డు రాశాను. మన ఇంటికొచ్చిన కార్డు ముందు చదివేది అమ్మే కదా.

అమ్మా, చదివావుగా. ఇక వదినకివ్వు.

చిన్నోడికి ముద్దులతో,
అమూల్య