ఆ నీలి నక్షత్రం కొత్తది కాదు

బాపు,

నీకు తప్పు చెప్పాను. బోధన్ దగ్గర చెరకు తోటలో బెల్లం వండుతూ, పొద్దుగూకాక నువ్వు ఆ నీలి నక్షత్రాన్ని చూపించావు. "అది కొత్తది, ఇంకా ముసలిదై ఎర్రగా ఉబ్బలేదు" అన్నాను.

"రంగు సూసి ఎట్ల సెప్తవ్ బిడ్డ? పాకం బొట్టు నీళ్లల్ల ఏసి సూడకుంటనే అయిందంటమా?" అన్నావు. డిగ్రీ చదువుతున్న గర్వంతో నవ్వాను.

ఇప్పుడు దాని వెలుగే నాకు దొరికిన బొట్టు. ఆ వెలుగును రంగులుగా విడదీసి చూస్తే పైపొరలో నైట్రోజన్, హీలియం ఉండాల్సినదానికన్నా ఎక్కువున్నాయి. అవి లోపల ఉడికి పైకొచ్చినవి. ఆ నక్షత్రం ఒకసారి ఎర్రగా ఉబ్బి, మళ్లీ నీలంగా మారి ఉండొచ్చు. కొత్తది కాదని మాత్రం ఇవాళే తేలింది.

కంఠేశ్వర్‌లో నా గది నుంచి అవ్వకు ఫోన్ చేసి చెప్పాను.

"నాకేం సమజైతది బిడ్డ? మీ బాపు ఉంటే పొయ్యి ఇడిసి కూసుండి ఇనేటోడు" అంది.

నా పరిశోధన చూసే సార్‌కు పంపే కాగితాల్లో 'కొత్తది' అని నేను రాసిన ప్రతిచోటా కొట్టేశాను. నీకు చెప్పింది మాత్రం అలాగే ఉండిపోయింది.

నీ బిడ్డ