రేపు చింతపిక్క కురియును

1987, శనివారం

మనవరాలు పద్మ ఆఫీసు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది. నడుస్తున్న కంప్యూటర్ ప్రోగ్రామును మధ్యలో ఆపి, తప్పులు వెతికే డీబగ్గర్ లైబ్రరీతో దాని మెమరీ చదవాలట. ఆపిన ప్రతిచోటా ఒకే తప్పుడు అంకె వస్తోందట. సోమవారానికి సరిచేయకపోతే ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేస్తారు.

"ఒగ్గీయే, ఆడపిల్లవి, నీకెందుకది?" అన్నాడు వాళ్ల నాన్న, మా అబ్బాయి.

"నీ స్కూటర్ ఆగిపోతే గెడ్డ నీళ్లలో పారీసినావేటిరా?" అన్నాను.

ప్రోగ్రామును ఎలా ఆపుతావని పద్మని అడిగాను. నేను వలుస్తున్న చింతపండులోంచి ఒక పిక్క తీసి, నా పేపర్లో 'రేపు వాన కురియును' అన్నచోట 'వాన' అన్న మాట మీద పెట్టింది.

"ఇలా గుర్తెడితే అక్కడ ఆగిపోద్ది తాతా. ఇప్పుడు సదువు."

ఏడిపిద్దామని, "రేపు చింతపిక్క కురియును" అని చదివాను.

పద్మ నవ్వుతూనే ఆగిపోయింది. "నానూ అదే సేత్తన్నాను తాతా. నాను పెట్టిన గుర్తునే సదువుతన్నాను, దాని కిందున్నది కాదు."

గుర్తు తీసి, అసలుది మళ్లీ పెట్టి చదవాలట. కుదురుతుందో లేదో సోమవారం గానీ తెలియదు. కుదరకపోయినా మంగళవారం ఆఫీసుకి వెళ్తుంది. మా అబ్బాయి స్కూటర్ తాళం నా దిండు కింద పెట్టుకున్నాను. పిల్లని ఆఫీసులో దింపుతానంటేనే ఇస్తాను.