మౌనంలో అందని ఫోను

ధ్యాన కేంద్రం నిర్వాహకులకు,

మీ దగ్గర పదిరోజుల మౌనానికి కూర్చున్నాను. నాలుగో రోజు మా ఆవిడ గుండెపోటుతో ఆస్పత్రిలో చేరి నన్ను పిలవమందట. నర్సు మీ ఆఫీసుకు ఫోన్ చేసింది. నా మౌనం చెడుతుందని మీరు ఆ కబురు నాకు అందనివ్వలేదు. మర్నాడు ఆవిడ పోయింది. పక్కింటివాళ్లే సాగనంపారు.

పదో రోజు మీరు కబురు చెప్పి, "ముందే తెలిస్తే మాత్రం ఆపగలిగేవారా తాతగారూ? అన్నీ అనిత్యమే కదా!" అన్నారు.

అనిత్యం గురించి మీరు పుట్టకముందే చదివాను. ఆపలేకపోయినా చెయ్యి పట్టుకునేవాణ్ని. బుద్ధుడు దుఃఖాన్ని కళ్లారా చూడమన్నాడు. మీరు దాన్ని బల్ల సొరుగులో పెట్టి తాళం వేశారు.

మీ దరఖాస్తులో ఒక ప్రశ్న చేర్చండి: "మీ వాళ్లు చావుబతుకుల్లో ఉంటే చెప్పమంటారా?"

వచ్చే నెల నాకు చోటు ఉంచండి. ఇక్కడ ఇంట్లో ఓదార్చేవాళ్ల మధ్య ఏడవడానికి కుదరడం లేదు. ఈసారి నన్ను పిలిచే మనిషి లేదు కనుక మీ నియమానికి ఇబ్బంది రాదు.